పాలపొడి పెట్టె

కూసుంటె నిద్రొస్తది, పండుకుంటె రాదు,
ధ్యానం పుస్తకమేదన్న ఉంటె జెప్పన్నా అన్నవ్ రాజలింగూ
నిన్న సల్మాబాద్ బస్సుల, నా భుజం మీద తలపెట్టి.

మంచం కింద పాలపొడి అట్టపెట్టె గుంజు.
మీదున్న లుంగి తీసెయ్యి.
అండ్లున్నయి నావి గావు, విమలసిరివి, ఒక్కటి తప్ప.
పదకొండేండ్లు ఈ లాండ్రిల నా పక్క బల్ల ఆయనది.
హోటలు దుప్పట్లు మడిచి మడిచి
వేళ్ళు గూడ మడతలు పడ్డయ్.
క్యాండీ పోయేనాడు సామాను ముప్పై కిలోలు దాటింది.
కాటా మీదికెల్లి ముందుగాల పుస్తకాలే దించిండు.
"బరువు దించుకొమ్మనే గదా ఇండ్ల రాసింది" అని నవ్విండు.

పల్సటిది తియ్యి. అట్ట లేదు. గదే నాది.
సుట్టీకి పోయినప్పుడు కోఠి ఫుట్‌పాత్ మీద
ఇరవై రూపాయలకు కొన్న.
ఊపిరిని సూడుమంటది. ముప్పై పేజీలు గదే మాట.
కోపమొచ్చింది నాకు.
ఊపిరిని సూసుడేంది, ఎప్పటికుండేదే గద!
ఆగస్టుల బాయిలర్ గొట్టం పగిలి
ఆవిరి గదినిండ నిండి
ఎవరి ఊపిరి వాళ్ళకు దొరకని రోజు
తొమ్మిదో పేజి సమజైంది.
రోజుకొక్క పేజి జదువు. రెండైతె అరగదు.

లావుది ముట్టకు. ఇంగ్లీషుది.
మనసుకు ఎన్ని గదులు, ఏ గదికి ఏ తాళం,
పట్టికలు, పట్టికల కింద పట్టికలు.
డిక్షనరీ పట్టుకొని సగం జదివి
నెలరోజులు క్యాంపంత తిరిగిన, కనవడ్డోనికల్ల మనసు గురించి జెప్పుకుంట.
నేపాలోడు ధన్‌బహదూర్ ఒకనాడు
నా కంచంల ఇంకింత పప్పేసి
"తిను భాయ్, నోరు మూసుకొని" అన్నడు.
గా పప్పే ఆ పుస్తకానికి ముందుమాట.

ఇంకోటుంటది, పచ్చ అట్టది.
పగోడు గూడ సుఖంగ ఉండాలని కోరుకొమ్మంటది.
మన ఓటీ కోసిన సూపర్‌వైజర్ని తల్సుకొని
వందసార్లు అందామనుకున్న.
పదకొండు కాడ ఆగిన.
నడిమి పేజిల మూడు మూలల గోధుమరంగు మరక కనిపిస్తది,
ఇస్త్రిపెట్టెది. చెయ్యి జారిందని విమలసిరికి జెప్పిన.
జారలే.
ఆయన ఏమనలే. కాలిన కాడి అక్షరాలు
వేలితోని తడిమి, పేజి తిప్పిండు.
గా తిప్పుడు జూసినంక పన్నెండోసారి అనగలిగిన.

అడుగున సింహళంది.
నీకు రాదు, నాకు రాదు.
గుండ్రంగ, మన అక్షరాలకు మేనబావల లెక్కుంటయ్,
పిలిస్తె పలుకుతయేమొ అన్నట్టు.
పలకయ్.
శుక్రారం పొద్దుగాల ఆయన మెల్లగ జదివేటోడు.
అర్థమడిగితె, "ఇన్నవ్ గద" అనేటోడు.
ఇప్పుడు నేను దాన్ని ఒడిల తెరుసుకొని
జదవలేక కూసుంట.
నన్ను ఎక్కువసేపు కూసోబెట్టింది గదే.

మాది ధూళికట్ట, నీకెరికే.
దిబ్బ మీద మేకలు కాసేటప్పుడు
సున్నపురాయి మీద పడగలిప్పిన పాము జూసి
నాగులమ్మ అనుకొని దండం పెట్టినం.
గా పడగ ఎవరికి నీడ పడ్తుందో జెప్పనీకి
క్యాండీ నుంచి ఒకడు
బహ్రెయిన్ దాక రావాల్సొచ్చింది.

సరే, పెట్టె మల్ల లోపలికి నూకు.
కింద పాలిథిన్ పరువు, ఏసీ నీళ్ళు కారుతయ్.
నాలుగున్నరకు బస్సు.
ఇయ్యాల ఏదీ జదవకు.
కూసో. నిద్రొస్తె రానియ్యి,
పన్నెండు గంటలు నిలబడ్డ పెయ్యి అది.
నిద్రపోతె తప్పని
నాకు తెల్సిన ఏ పుస్తకంల రాసిలేదు.
లావుదాన్ల ఉందేమొ.